పాటల పెట్టెకు కబాడీవాలా వారసుడా?

ఇంటి పెద్ద పోతడు. దినాలు అయితయి. చుట్టాలు ఎవరి ఊర్లకు వాళ్లు మర్లిపోతరు. అప్పుడు మొదలైతది వెతుకులాట. భూమి కాగితాలు, బ్యాంకు పాసుబుక్కులు, ఎల్‌ఐసీ బాండ్లు. అల్మారా తీస్తరు, సందుగ తీస్తరు. చివరికి ఎవరి కన్నో అటుక మీద పడుతది. అక్కడ నాలుగు అట్టపెట్టెలు. నిండా ఆడియో క్యాసెట్లు. కొన్నింటి మీద బాల్‌పెన్నుతో రాసిన పేర్లు, కొన్నింటి మీద అదీ లేదు. పక్కన పని చేయని టేప్‌రికార్డర్. 'ఇవి ఇప్పుడు ఎవడు వింటడు?' అని ఒక్క మాట. గల్లీలోకి పాత సామాన్ల బండి వస్తది. కిలోల లెక్కన తూకం. కథ ముగుస్తది.

ఆ పెట్టెలో ఏముండె? మనకు తెల్వది. అదే అసలు గోస. సినిమా పాటలే ఉండొచ్చు. ఊర్లో పెద్దమ్మలు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడిన పాటలుండొచ్చు. ఒక ఒగ్గు కళాకారుడు తెల్లార్లు చెప్పిన మల్లన్న కథ ఉండొచ్చు. ఒక సభలో ఒకే ఒక్కసారి పాడి, మళ్లీ ఎన్నడూ పాడని పాట ఉండొచ్చు. తూకం వేసిన కబాడీవాలాకు అవన్నీ ఒకే ప్లాస్టిక్కు. అతన్ని మేం తప్పు పట్టం. అతని బతుకుదెరువు అది. తప్పు, చెప్పకుండా పోయిన మనిషిది. అడగకుండా ఊరుకున్న మనది.

మనం పోయినంక మన పాటల పెట్టె ఎవరికి చెందాలె? ఇది ఇంటి ముచ్చట అనుకునేటోళ్లు అనుకోండ్రి. మేం మాత్రం ఇది రాజకీయ ప్రశ్న అంటున్నం. పాటతోని కొట్లాడిన ప్రజలు, ఆ పాటకు జాగ చూపకుండ పోతే, రేపటి చరిత్ర కాగితం ఉన్నోడు రాసుకుంటడు. కాగితం ఎవరి చేతిలో ఉండెనో మనకు ఎరుకే.

దండలు వేసినం, పెట్టెలు అడిగినమా?

ఈ పదిహేనేండ్లలో ఎంతమందిని సాగనంపినం! ఒగ్గుకథ మిద్దె రాములు 2010లో పోయిండు. చుక్క సత్తయ్య 2017లో పోయిండు. గూడ అంజయ్య 2016 జూన్‌లో కన్నుమూసిండు. 2023 జూన్‌లో సాయిచంద్, ఆ ఆగస్టు 6న గద్దర్. కోయల చరిత్రను నోటితోనే మోసుకొచ్చి, 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య 2024 జూన్‌లో పోయిండు. రాష్ట్ర గీతం రాసిన అందెశ్రీ 2025 నవంబరులో మనల్ని విడిచిండు.

ప్రతిసారీ జనం కదిలిండ్రు. దండలు పడ్డయి. సంతాప సభలు జరిగినయి. విగ్రహం పెడతమన్నోళ్లు పెడతమన్నరు, వీధికి పేరు పెట్టాలన్నోళ్లు డిమాండు చేసిండ్రు. మేం ఒక్క ప్రశ్న అడుగుతున్నం. ఆ సభల్లో ఎన్నింట్లో ఒక్కరైనా లేచి, 'ఆయన పాటలు ఎవరెవరి దగ్గర ఏ రూపంలో ఉన్నయి? వాటి జాబితా తీయాలె, నకళ్లు తీయాలె' అని తీర్మానం పెట్టిండ్రు? పేరున్నోళ్ల సంగతే ఇట్లుంటే, పేరు లేనోళ్ల సంగతేంది? 1999లో బెల్లి లలితను ముక్కలు ముక్కలు చేసి చంపిండ్రు. ఆమె గొంతు ఎవరి ఇంట్లో, ఏ క్యాసెట్లో ఉన్నది? ఉన్నోళ్లు ఇప్పటికి ఎంత ముసలోళ్లయిండ్రు? వాళ్ల తర్వాత అది ఎవరికి పోతది?

'మాభూమి' సినిమాలో గద్దర్ పాడిన బండి యాదగిరి పాటను మనం అందరం విన్నం. మరి బండి యాదగిరి గొంతు ఎట్లుండెనో మనలో ఎంతమందికి తెలుసు? పాట మిగిలితే గొంతు మిగిలినట్టు కాదు. యాస, ఊపిరి, ఆపిన చోటు, జనం అందుకున్న చోటు ఇవన్నీ గొంతులోనే ఉంటయి. అచ్చు పుస్తకంలో ఉండవు.

354 మంది కవులు, మరి ఎన్ని గొంతులు?

తెలంగాణలో కవులే లేరని ఒకప్పుడు ఎద్దేవా చేసిండ్రు. సురవరం ప్రతాపరెడ్డి వాదులాడుతూ కూసోలేదు. 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేసి 354 మంది కవులను ముందర పెట్టిండు. ఎద్దేవా అక్కడ్నే ఆగింది. సాక్ష్యం ఉన్నోని ముందు వాదన నిలవదు.

రేపు ఎవడో లేచి 'మీ పాటంతా నిన్న మొన్న పుట్టిందే, మీ యాస టీవీలు నేర్పిందే' అంటడు. అప్పుడు మనం ఏం చూపిస్తం? కవుల దగ్గర కాగితం ఉండె, కనుక సురవరం అడిగితే వచ్చినయి. చిందు, ఒగ్గు, శారద, డక్కలి, బుడగ జంగాల కళాకారుల దగ్గర, పొలంలో నాటేసే తల్లుల దగ్గర కాగితం లేదు. వాళ్ల విద్యకు మిగిలే సాక్ష్యం శబ్దమే. ఆ శబ్దాన్ని పట్టుకున్నది ఎవరు? ఎక్కువ మటుకు ప్రభుత్వాలు కావు, కంపెనీలు కావు. ఒక బడిపంతులు, ఒక ఆర్టీసీ కండక్టరు, ఒక కరెంటాఫీసు క్లర్కు, ఒక హాస్టల్ విద్యార్థి. జీతంలో నుంచి, స్కాలర్‌షిప్పులో నుంచి పైసలు మిగిలించి ఖాళీ క్యాసెట్టు కొన్నోళ్లు. సభకు పోయి వేదిక కింద టేప్‌రికార్డర్ పెట్టి, ఎర్ర మీటా నొక్కినోళ్లు.

క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చింది. 1980ల నాటికి అది మన దేశంలో ఊరూరికి చేరింది. గ్రామఫోను రికార్డు చేయాలంటే కంపెనీ కావాలె. క్యాసెట్టు చేయాలంటే ఒక మిషిని, నాలుగు బ్యాటరీలు చాలు. పెద్ద కంపెనీ గడప తొక్కని పాట అందుకే క్యాసెట్టు ఎక్కింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఊర్లు తిరిగిన కాలం కూడా ఆ క్యాసెట్ల కాలమే. తర్వాత సీడీలు వచ్చినయి. 2011లో సకల జనుల సమ్మె, మిలియన్ మార్చ్ నాటికి చేతిలోకి సెల్‌ఫోన్లు వచ్చినయి. ఆ రోజు టెంటు కింద ఉద్యోగులు పాడిన పాటలు ఇప్పుడు ఏ డ్రాయర్లో, ఏ పాత ఫోను మెమరీ కార్డులో పడి ఉన్నయో!

అంటే ఈ సంపద మీ ఇండ్లలోనే ఉన్నది. ఈ పత్రిక చదివే ఉద్యోగుల ఇండ్లలో, ఒకప్పటి విద్యార్థుల ఇండ్లలో ఉన్నది. కనుక ఈ మాట మీతోనే చెప్పుతున్నం.

'అన్నీ యూట్యూబ్‌లో ఉన్నయి కదా!'

ఈ మాట మాకు రోజూ వినబడుతది. చెప్పేటోళ్లకు మా సవాలు: మీ అటుక మీది పెట్టెలో నుంచి చేతికందిన పది క్యాసెట్లు తీయండ్రి. కంపెనీ వేసినయి కాదు, చేతితో పేరు రాసినయి. వాటిని యూట్యూబ్‌లో వెతకండ్రి. ఎన్ని దొరుకుతయో మీరే లెక్క పెట్టుకోండ్రి.

దొరికినయి కూడా ఎవరి చేతిలో ఉన్నయి? ఎవరో ఒక అభిమాని తన ఖాతా నుంచి ఎక్కించిండు. అతను పోతే ఆ ఖాతా తాళం ఎవరి దగ్గర? కంపెనీ నియమాలు మారితే అడిగేది ఎవరిని? గూగుల్ 2023 నుంచి, రెండేండ్లు వాడకుండ పడి ఉన్న వ్యక్తిగత ఖాతాలను తీసేసే నియమం పెట్టింది. డ్రైవ్‌లో దాచుకున్న ఫైళ్లు అట్ల పోవచ్చు. నెలకింత అని కట్టి ఫోన్లో వినే పాటలైతే అసలు మనయే కావు. అవి కిరాయి ఇండ్లు. కిరాయి ఇల్లును కొడుకుకు రాసిచ్చినోడు ఎవడన్న ఉన్నడా?

కంపెనీలు కాపాడుతయంటరా? 2008 జూన్ 1న అమెరికాలో యూనివర్సల్ స్టూడియో ఆవరణలో మంటలు లేచి మాస్టర్ టేపులు కాలిపోయినయి. ఆ నష్టం సంగతి లోకానికి వివరంగా తెలిసింది 2019లో, అదీ ఒక పత్రిక బయటపెడితే. అంత పెద్ద కంపెనీ తన సొంత సొమ్మునే కాపాడుకోలేదు. మన ఒగ్గుకథను కాపాడుతదా?

గడువు దాటిపోయింది

క్యాసెట్టు రాయి కాదు, పలకరించకుండ వంద ఏండ్లు ఉండనీకి. సన్నటి ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంతపు పొడిని ఒక బంక పట్టుకొని ఉంటది. మన వానకాలపు తేమకు ఆ బంక చెడిపోతది, బూజు పడుతది. లోపల పట్టీని హెడ్డుకు ఒత్తిపెట్టే చిన్న మెత్త ఊడిపోతది. ఇవన్నీ బాగుచేసుకోవచ్చు. విప్పి, పట్టీని వేరే డబ్బాలోకి మార్చి వినొచ్చు. బాగుచేయరానిది ఇంకొకటి ఉన్నది. మిషిని. మంచి డెక్కులు తయారుచేసుడు ఎప్పుడో ఆగిపోయింది. హెడ్డు అరిగితే హెడ్డు దొరకదు, బెల్టు తెగితే సరైన బెల్టు దొరకదు, బాగుచేసే మెకానిక్కు ముసలోడైండు.

ఈ సంగతి మేం భయపెట్టనీకి చెప్పుతలేం. అంతర్జాతీయ శబ్ద, దృశ్య భాండాగారాల సంఘం, యునెస్కో కలిసి 2019లో అయస్కాంత టేపుల మీద లోకానికి హెచ్చరిక ఇచ్చినయి. 2025 దాటితే టేపుల్లో ఉన్నదాన్ని బయటికి తీసుడు చాలా చోట్ల సాధ్యం కాకపోవచ్చన్నది దాని సారం. ఆ 2025 కూడా దాటిపోయింది. ఇప్పుడు మనం అదనపు సమయంలో ఆడుతున్నం.

పని ఎంతనో లెక్క చూడండ్రి. ఒక మనిషి దగ్గర తొంభై నిమిషాల క్యాసెట్లు 500 ఉన్నయనుకుందం. అంటే 750 గంటల శబ్దం. టేపును తొందరపెట్టరాదు, ఉన్న వేగంతోనే నడపాలె. రోజుకు ఐదు గంటల లెక్కన 150 రోజుల పని. మంచి నాణ్యతతో, కుదించకుండ దాస్తే గంటకు దాదాపు ఒక జీబీ. అంటే మొత్తం ఒక టీబీ హార్డ్‌డిస్క్‌లో పడుతది. ఒక మనిషి జన్మంతా పోగుచేసింది అరచేతిలో ఇముడుతది. పైసలు పెద్దగా అక్కర లేదు. కావాల్సింది 150 రోజుల ఓపిక, నడిచే మిషిని. దాచినోడు బతికి ఉన్నప్పుడే ఈ పని జరగాలె. ఎందుకంటే క్యాసెట్టులో పాడుతున్నది ఎవరో, ఏ ఊరో, ఏ సందర్భమో చెప్పగలిగేది అతనొక్కడే. అతను పోతే గొంతు మిగిలినా పేరు పోతది. పేరు లేని గొంతును ఎవడైనా తనదని అనొచ్చు. మన పాటలకు అట్ల జరిగిన సంగతి కొత్తగా చెప్పాలెనా?

పిల్లలు చూసుకుంటరా?

'నా తర్వాత పిల్లలు చూసుకుంటరు' అనేటోళ్లకు ఒక మాట. పిల్లలు చెడ్డోళ్లు అని మేం అంటలేం. వాళ్లు బెంగుళూరులో ఉంటరు, అమెరికాలో ఉంటరు, రెండు గదుల ఫ్లాటులో ఉంటరు. మీరు చెప్పకపోతే, వాళ్లకు ఆ పెట్టె విలువ ఎట్ల తెలుస్తది? వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం భార్యకు, తల్లికి, కొడుకులకు, బిడ్డలకు సమాన హక్కు. భూమికి అది న్యాయమే. కానీ పాటల సేకరణను పంచితే ఏమైతది? ఒకరు గ్రామఫోను రికార్డులు గోడకు అలంకారంగ తీసుకపోతరు, ఒకరు మిషిని అమ్ముకుంటరు, మిగిలింది జుమ్మేరాత్ బజారుకు చేరుతది. ముక్కలైన సేకరణ సేకరణ కాదు.

వీలునామా అంటే ఆస్తిపరులకే అనుకుంటరు. కాదు. తెల్ల కాగితం చాలు. స్టాంపు అక్కర లేదు. భారత వారసత్వ చట్టం 1925 ప్రకారం రాసిన మనిషి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలె. రిజిస్ట్రేషన్ చేస్తే మంచిదే, తప్పనిసరి మాత్రం కాదు. తీసుకునేటోళ్లే సాక్షులు కాకుండ చూసుకోండ్రి. ముస్లిం మిత్రులకు నియమం వేరు: వారసుల ఒప్పుదల లేకుండ ఆస్తిలో మూడో వంతు దాకే వసీయత్ చెల్లుతది. ఇంకా మంచి దారి ఒకటున్నది. బతికి ఉండంగనే ఇచ్చేయడం. అప్పుడు తగాదా ఉండదు, పక్కన కూసొని పేర్లు చెప్పొచ్చు.

ఇచ్చుడెట్లనో తెలిసినోడు ఒకడున్నడు. న్యూయార్క్‌లో మోజెస్ ఆష్ అనే మనిషి 1948లో ఫోక్‌వేస్ అనే రికార్డుల సంస్థ పెట్టిండు. వుడీ గత్రీ, లెడ్ బెల్లీ, పీట్ సీగర్ లాంటి జనం పాటగాళ్లను రికార్డు చేసిండు. 1986లో పోయిండు. 1987లో ఆ సేకరణ స్మిత్‌సోనియన్ సంస్థకు చేరింది. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: అమ్ముడుపోయినా పోకపోయినా, రెండు వేలకు పైగా ఉన్న ఆల్బమ్‌లలో ఒక్కటి కూడా దొరకకుండ పోరాదు. ఆ షరతు ఇప్పటికీ నిలబడ్డది. చూడండ్రి, ఆయన అడిగింది తన పేరు మీద భవనం కాదు. పాట జనానికి దొరకాలన్నడు. షరతు అంటే అట్లుండాలె.

మన హైదరాబాదులో కూడా పాఠం ఉన్నది. అబ్దుస్ సమద్ ఖాన్ జీవితమంతా ఉర్దూ పుస్తకాలు, పత్రికలు పోగుచేసిండు. ఆ సేకరణ చెల్లాచెదురు కాకుండ బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరింది. అది సంతోషం. 2000 ఆగస్టు వరదలో ఆ కేంద్రంలోకి నీళ్లు చొచ్చి పుస్తకాలు నానినయి. వాటిని కాపాడనీకి ఎంతోమంది కష్టపడ్డరు. అది కూడా పాఠమే. మంచి సంస్థకు ఇచ్చినా ఒక్క చోటనే ఉంచరాదు. నకలు ఇంకో ఊర్లో ఉండాలె. మూసీ ఎటు పొంగుతదో చెప్పలేం.

మర్లవాయి గోండుల మధ్య బతికిన హైమన్‌డార్ఫ్ 1995లో పోయిండు. ఆయన తీసిన ఫోటోలు, ఫిల్ములు లండన్‌లో సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగ ఉన్నయి. అక్కడ భద్రంగ ఉన్నందుకు మేం ఏడుస్తలేం. ఆదిలాబాద్ బిడ్డ తన తాత ముఖం చూసుకోవాలంటే లండన్ దిక్కు చూడాల్సి వచ్చిందే అని బాధ. పాటకు కూడా అదే గతి పట్టాలెనా?

పాట ఎవరిది?

ఇక్కడ సేకర్తలకు చేదుగ ఉండే మాట ఒకటి చెప్పాలె. క్యాసెట్టు మీదే. పాట మీది కాదు.

చట్టం కూడా ఇదే చెప్పుతది. కాపీరైటు చట్టం 1957 ప్రకారం వెలువడిన శబ్ద ముద్రణ మీద హక్కు 60 ఏండ్లు. 2002లో వచ్చిన క్యాసెట్టు మీద కంపెనీకో, తీసినోళ్లకో 2062 చివరి దాక హక్కు ఉంటది. రాసినోళ్ల హక్కు వాళ్లు పోయినంక కూడా 60 ఏండ్లు నడుస్తది. గూడ అంజయ్య రాసిన దాని మీద 2076 చివరి దాక ఆయన వారసులకు హక్కున్నది. పాడినోళ్లకు వేరే హక్కు ఉన్నది. కనుక మీరు వీలునామాలో రాసిచ్చేది పెట్టెను, అమ్ముకునే హక్కును కాదు.

అయితే దాచుకునే దారిని చట్టం మూయలేదు. 2012 సవరణ తర్వాత, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర అసలు ప్రతి ఉంటే, భద్రం కోసం దాని డిజిటల్ నకలు దాచుకోవచ్చు. గమనించండ్రి: అసలు ప్రతి ఉంటేనే. పెన్‌డ్రైవ్ ఒక్కటి చేతిలో పెట్టి క్యాసెట్లను కబాడీకి వేస్తే ఆ దారి కూడా మూసినట్టే. అసలును, నకలును రెండూ ఇయ్యాలె.

చట్టం కన్నా పెద్దది ఇంకొకటి ఉన్నది. న్యాయం. ఒగ్గుకథ చెప్పిన మనిషికి ఆ రాత్రి మీరు ఎంత ఇచ్చిండ్రో మాకు తెల్వది. బతుకమ్మ పాడిన తల్లి పేరు కూడా చాలాసార్లు క్యాసెట్టు మీద లేదు. 'పాత పాటలు – 3' అని రాసి ఉంటది. సేకర్త పేరు మీద భాండాగారం వెలుస్తది, పాడిన తల్లి పేరు ఎక్కడా ఉండదు. ఇది కూడా దోపిడీయే. మనోళ్లు చేస్తే దోపిడీ కాకుండ పోదు. అందుకే మేం అనేది: పెట్టె విశ్వవిద్యాలయానికి పోవాలె, ఒక నకలు పాడినోళ్ల ఊరికి పోవాలె. ఊరి బడికో, పంచాయతీ గ్రంథాలయానికో, ఆ కళాకారుల కుటుంబానికో చేరాలె. ముందు వాళ్లది, తర్వాత పరిశోధకులది.

ఇగ దాచుకొని కూసున్న పెద్దమనుషుల సంగతి. 'నా దగ్గర ఉన్నది లోకంలో ఎవడి దగ్గర లేదు' అని మురిసిపోతరు. అడిగితే వినిపించరు, రాసుకోనియ్యరు, నకలు ఇయ్యరు. ఎందుకయ్యా అంటే దొంగిలిస్తరని భయం. భయం అబద్ధం కాదు. నమ్మి ఇస్తే పేరు చెప్పకుండ వాడుకున్నోళ్లు ఉన్నరు. కానీ దానికి మందు తాళం కాదు, రాతపూర్వక ఒప్పందం. 1982లో పెట్టిన సంగీత భాండాగారం ఒకటి ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్నది. అక్కడ ఇచ్చినోళ్లే ఎవరు వినాలె, ఎవరు నకలు తీసుకోవాలె అన్నది రాసిపెట్టుకోవచ్చు. అట్లాంటి షరతులు పెట్టండ్రి. తాళం వేసి పోతే మాత్రం, ఆ తాళం తీసేది కబాడీవాలానే.

అధికారంలో ఉన్నోళ్లకు

రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. పాట తెచ్చిన రాష్ట్రం అని ప్రతి నాయకుడు ప్రతి వేదిక మీద చెప్పిండు. ఆ మాట నిజమైతే పాటకు బాకీ ఉన్నరు. బాకీ తీర్చేది శాలువాతోని కాదు.

మా డిమాండ్లు చిన్నవే. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉన్నది. దానికి నడిచే మిషిన్లు, మెకానిక్కులు, జీతమున్న మనుషులు ఇయ్యండ్రి. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక శబ్ద గది పెట్టండ్రి. ఎవరైనా పెట్టె తెస్తే రసీదు ఇచ్చి, నకలు తీసి, ఒక ప్రతి వాళ్లకు ఇయ్యండ్రి. కళాకారుడు పోయిన నెలలోపు ఒక అధికారి ఇంటికి పోయి జాబితా తీయాలె, కుటుంబం ఒప్పుకుంటేనే. ఇచ్చిన కుటుంబానికి గౌరవంగ ఎంతో కొంత ముట్టాలె. వేరే ఊర్లో రెండో ప్రతి ఉండాలె. ఒక్క విగ్రహం ఖర్చులో ఇవి ఎన్ని అయితయో లెక్కలు తెలిసిన ఉద్యోగులు మీరే చెప్పండ్రి.

ప్రభుత్వం చేసేదాక మనం ఆగాలెనా? రాష్ట్రం కోసం ఆగలేదు, దీనికి ఆగుతమా?

విద్యార్థులారా, పండుగకు ఊరికి పోయినప్పుడు అటుక ఎక్కండ్రి. క్యాసెట్టు పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటయి. ముందుగాల వాటిని విరవండ్రి. అప్పుడు దాని మీద ఎవరూ పొరపాటున వేరేది రికార్డు చేయలేరు. బూజు పట్టినదాన్ని మిషినిలో పెట్టకండ్రి, తెలిసినోళ్లకు చూపండ్రి. నిలబెట్టి, ఎండ తగలని చోట, స్పీకర్లకు దూరంగ పెట్టండ్రి. ఒక నోటుబుక్కు తీసుకొని తాత పక్కన, అమ్మమ్మ పక్కన కూసోండ్రి. పాడింది ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు, రికార్డు చేసింది ఎవరు. ఈ నాలుగు మాటలు రాస్తే సగం పని అయినట్టే. పరిశోధన చేసే విద్యార్థి ఎవరైనా ఉంటే, ఇంతకన్నా మంచి విషయం దొరకదు.

ఉద్యోగులారా, రిటైరయ్యే ముందు పెన్షన్ కాగితాలు ఎంత జాగ్రత్తగ నింపుతరు! నామినీ పేరు రెండుసార్లు చూసుకుంటరు. పాటల పెట్టెకు కూడా ఒక నామినీని రాయండ్రి. సేకరణలో ఏమున్నది, ఎవరికి పోవాలె, ఏ షరతు మీద, నకలు ఏ ఊరికి, ఫోను తాళం, ఖాతాల సంగతి ఎవరికి తెలుసు. ఒక్క కాగితం, మూడు సంతకాలు. గూగుల్ ఖాతాలో కూడా మనం పోయినంక ఎవరికి అందాలో ముందే పెట్టుకునే ఏర్పాటు 2013 నుంచే ఉన్నది. సంఘం భవనాలు జిల్లా జిల్లాకు ఉన్నయి. ఒక గది, ఒక డెక్కు, ఒక కంప్యూటరు పెట్టండ్రి. చందాలు వేసి ఎన్ని నడిపినం మనం, ఇదొక లెక్కనా?

కళాకారుల కుటుంబాలకు మా మనవి. దుఃఖంలో ఉన్నప్పుడు ఎవరో వచ్చి 'క్యాసెట్లు ఇయ్యండ్రి, మళ్లీ తెస్తం' అంటే రాతకోతలు లేకుండ ఇయ్యకండ్రి. రసీదు అడగండ్రి. అడుగుడు మర్యాద తప్పుడు కాదు. ఇయ్యనీకి మనసు రాకపోతే ఇయ్యకండ్రి, నకలు తీయనియ్యండ్రి. పారేసుడు మాత్రం వద్దు.

అక్టోబరు 27 శబ్ద, దృశ్య వారసత్వ దినం అని యునెస్కో పాటిస్తది. మనకు అది కొంచెం అటూ ఇటుగ బతుకమ్మ రోజుల దగ్గరనే పడుతది. ఆ రోజు ఊరూరా పెట్టెలు కిందికి దించుదం. ప్రతి క్యాసెట్టు మీద ఒక పేరు రాద్దం. ప్రతి సేకర్త దగ్గర ఒక కాగితం తీసుకుందం.

భూమి కోసం, నీళ్ల కోసం, కొలువుల కోసం కొట్లాడినోళ్లం. వాటికి పట్టాలు, పహాణీలు, జీవోలు అడిగినం. మన గొంతుకు కూడా ఒక పట్టా అడుగుదం. దాన్ని రాయాల్సింది ఏ సర్కారో కాదు. క్యాసెట్టు దాచుకున్న ప్రతి మనిషి, బతికి ఉండంగ, సొంత చేతితోని రాయాలె. ఈ రాత్రే రాయాలె.